అప్‌డేట్: అమ్మానాన్నల పెళ్లిరోజు పాట సంగతి

పోయిన వారం అడిగాను కదా, బీటిల్స్ అనే ఇంగ్లిష్ బ్యాండు వాళ్ల ‘వెన్ ఐయామ్ సిక్స్‌టీ ఫోర్’ (నాకు అరవై నాలుగేళ్లు వచ్చినప్పుడు) పాట అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి పెట్టొచ్చా అని. ముసలితనంలో కూడా నేను నీకు కావాలా, ఇంత తిండి పెడతావా అని అడగడం భార్య మీద అనుమానంలా అనిపించింది నాకు. మీ జవాబులు చదివి మళ్లీ విన్నాను.

నేనే పొరబడ్డాను. పాడేది ముసలాయన కాదు, ఇంకా పెళ్లి కాని కుర్రాడు. చివర్లో పోస్టుకార్డు రాయమంటాడు, ఫారం నింపమంటాడు. అంటే పిల్లని అడుగుతున్నాడన్నమాట! ఈ పాట పాడిన బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ ఈ బాణీ కట్టింది టీనేజ్‌లో. 1966 డిసెంబరులో రికార్డు చేసేనాటికి పాల్ వాళ్ల నాన్నకి సరిగ్గా 64 ఏళ్లు. గొంతు లేతగా వినిపించాలని టేపు వేగం కూడా పెంచారు.

చందమామని తెస్తాననడు, అది నచ్చింది. తోటలో కలుపు తీయడం, ఆదివారం షికారు, ఆమె అల్లే స్వెటరు, అంతే.

నిన్న రాత్రి పెట్టాం. ఒక్కో లైనుకీ తెలుగులో అర్థం చెప్తున్నాను. దీపాలు ఆరిపోతే ఫ్యూజు వేస్తానన్న చోట అమ్మ ఆపేసింది.

“మీ నాన్నేనా? స్టూలు పట్టుకునేదాన్ని నేను, టార్చి పట్టుకునేదాన్ని నేను. ఆ తీగ చుట్టేసరికి కరెంటోళ్లే వచ్చేవాళ్లు.”

నాన్న పలకలేదు. ఫోను నా వైపు జరిపి, “ఇంకోసారి పెట్టరా” అన్నారు.