విచెంతినో చుక్కల స్వరాలు: నిజంగా పాడారా, కాగితం మీదే ఉండిపోయాయా?

రేపల్లె_రాగం:
నికోలా విచెంతినో అనే ఇటలీ సంగీతకారుడు 1555లో రోములో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. మనం స నుంచి చతుశ్రుతి రి దాకా అనుకునే దూరాన్ని అందులో అయిదు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క పేరు డియసిస్. అరస్వరంలో (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) సగం కంటే కొంచెం తక్కువ. స్వరం తల మీద చుక్క ఉంటే ఒక డియసిస్ పైకి పాడాలి. నాలుగు గొంతులకు ఇలాంటి మాడ్రిగల్స్ (కొందరు కలిసి పాడే ఇటలీ పాటలు) కూడా రాశాడు. నా ప్రశ్న ఒకటే: వాద్యం తోడు లేకుండా ఆ కాలంలో వీటిని ఎవరైనా పాడారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుటలు:
పాడలేదనే నా నమ్మకం. ఆయనే ఆర్చిచెంబాలో అని రెండు వరసల మెట్లున్న కీబోర్డు వాద్యం చేయించాడు, స్థాయికి 36 మెట్లు. గొంతు తనంతట తాను పట్టుకోగలిగితే అంత యంత్రం ఎందుకు? పైగా మామూలు సంగీతం జనం పండుగలకు, ఈ సూక్ష్మమైనది ప్రభువుల ఇళ్లలో తర్ఫీదు పొందిన చెవులకు అని తనే రాసుకున్నాడు. 1594లో ఎర్కోలె బొత్త్రిగారి అనే ఇటలీ రచయిత ఫెరారా నగరంలో ఉన్న ఆ వాద్యం గురించి రాస్తూ, శ్రుతి చేయడం కష్టమని ఎప్పుడో గానీ బయటికి తీయరని చెప్పాడు. వాద్యానికే ఆ గతి పట్టింది, ఇక గొంతుల సంగతి చెప్పాలా?

లెక్కల_మాస్టారు:
చిన్న సవరణ. 36 మెట్లు అంటే 36 వేర్వేరు విభాగాలు కాదు. స్థాయిని దాదాపు 31 సమభాగాలు చేసినట్టు ఉంటుంది, మిగతా 5 పక్క స్వరాలకు కాస్త తేడాతో పెట్టినవి.

వీణతీగ:
మనకు 22 శ్రుతులు భరతుడి నాటి నుంచీ ఉన్నాయి. యూరప్ వాళ్లు 1555లో కనిపెట్టారంటే నవ్వొస్తోంది. తోడిలో గాంధారం ఊపు చూడండి, ఎన్ని చుక్కలు పెడితే సరిపోతుంది?

పాతపుటలు:
@వీణతీగ, ఇక్కడ ఎవరూ పోటీ పెట్టలేదండీ. గమకంలో ఒక గొంతు ఊగుతుంది, కింద తంబురా కదలదు. ఇక్కడ నాలుగు గొంతులూ ఒకేసారి కదులుతాయి, కింద ఏమీ లేదు. రెండూ ఒకటి కావు.

రెండో_గొంతు:
పాడలేదని అంత ధీమాగా ఎలా అంటారు? నేను జర్మనీలో ఒక కోయిర్‌లో (బృందగానంలో) ఆల్టో, అంటే పై నుంచి రెండో గొంతు, పాడతాను. కీబోర్డు మీద లేని స్వరాలు మేం ప్రతి రిహార్సల్లో పాడతాం. అన్నిటికన్నా కింది గొంతు బేస్ వాళ్లు స పట్టుకుంటే, మధ్యలో గాంధారం నేను పియానో మెట్టు కంటే కిందికి దించితేనే కార్డు (ఒకేసారి పలికే స్వరాల గుంపు) కుదురుతుంది. తేడా దాదాపు 14 సెంట్లు (అరస్వరానికి 100 సెంట్లు). ఎవరూ నేర్పలేదు, చెవే చెప్పింది. పోయిన సంవత్సరం 16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా రాసిన మోటెట్ (చర్చి బృందగీతం) లో అలా పట్టుకుంటే, డైరెక్టర్ ఆపి, పియానో మెట్టు నాలుగుసార్లు టంగు టంగుమని కొట్టి "ఆల్టో తగ్గుతోంది" అన్నాడు, అందరి ముందూ. పాలెస్త్రీనా పుట్టినప్పటికి ఆ పియానోయే లేదు!

చిరుజల్లు:
డైరెక్టర్‌కి 31 మెట్ల పియానో కొనివ్వండి 😀

లెక్కల_మాస్టారు:
36.

వీణతీగ:
రెండో గొంతు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మంద్ర షడ్జం మీటితే అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది, స్వయంభువు. అది పియానోలో ఉండదు.

పాతపుటలు:
ఆ 14 సెంట్లకూ విచెంతినోకూ ఏం సంబంధం? గాంధారాన్ని శుద్ధంగా పట్టడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిన పనే. ఇటలీ కీబోర్డులను కూడా గాంధారాలు శుద్ధంగా ఉండేట్టు, పంచమాలను కొద్దిగా తగ్గించి శ్రుతి చేసేవారు. గొంతులకు ఆ సర్దుబాటు అక్కర్లేదు, అవి శుద్ధ నిష్పత్తుల్లోనే పాడతాయని జర్లీనో అనే ఇటలీ సంగీత సిద్ధాంతకర్త 1558లో రాశాడు. ఇవన్నీ రాయకుండా జరిగే సర్దుబాట్లు. విచెంతినో చుక్క కావాలని రాసింది, 39 సెంట్ల దూకుడు. మీ కోయిర్ కోపాన్ని తెచ్చి ఆయన ఖాతాలో వేయకండి.

రెండో_గొంతు:
నా కోపం సంగతి మీకెందుకు? సాక్ష్యం అడిగారు, పాడే మనిషిగా చెప్పాను. మీరు ఎప్పుడైనా నలుగురితో కలిసి పాడారా, లేక అంతా పుస్తకాల్లోనేనా?

పాతపుటలు:
పాడకపోతే మాట్లాడే హక్కు లేదా? సరే, విన్నది చెబుతాను. ఈ మాడ్రిగల్స్ పాడుతున్నారంటే ఒక కచేరీకి వెళ్లాను. గాయకుల చెవుల్లో ఇయర్‌ఫోన్లు! స్వరం ముందే చెవిలో పడుతోంది, వాళ్లు దాన్ని అందుకుంటున్నారు. టికెట్ డబ్బు దండగ అనిపించింది. దాన్నే "పాడటం" అంటే నాకు అభ్యంతరం. ఇంకో సంగతి. 1551లో రోములో విచెంతినోకూ, విసెంతె లుజితానో అనే పోర్చుగీసు సంగీతకారుడికీ పందెం పడింది, రెండు బంగారు స్కూడోలు. అందరూ పాడే సంగీతం ఒక్క డయటానిక్ జాతిదే (మామూలు స్వరాల వరస) అని లుజితానో, కాదు మూడు జాతులూ (డయటానిక్, అరస్వరాలు వరసగా వచ్చే క్రొమాటిక్, డియసిస్‌లు వాడే ఎన్‌హార్మోనిక్) కలిసినదని విచెంతినో. న్యాయనిర్ణేతలు డాంకెర్ట్స్, ఎస్కోబెదో. ఇద్దరూ పోపు ప్రార్థనామందిరంలో రోజూ పాడేవాళ్లే. విచెంతినో ఓడిపోయాడు. పాడేవాళ్ల మాటే కదా మీకు ప్రమాణం?

రెండో_గొంతు:
ఆ తీర్పు అప్పటి వాడుక సంగీతం ఏ జాతిది అన్నదాని మీద. చుక్కలు పాడగలరా లేదా అని ఎవరూ అక్కడ అడగలేదు. పైగా పందెం 1551లో, పుస్తకం 1555లో. ఓడినవాడు నాలుగేళ్ల తర్వాత అంత పుస్తకం రాశాడంటే, ఆయన దగ్గర పాడించడానికి మనుషులు ఉన్నట్టే కదా?

పాతపుటలు:
పుస్తకం రాస్తే పాడించినట్టా! ఇది మరీ బాగుంది.

రేపల్లె_రాగం:
ఇద్దరూ కొంచెం ఆగండి ప్లీజ్. నేను అడిగింది వాద్యం *లేకుండా* అని.

గోదారి_బేస్:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మీరిద్దరూ వేర్వేరు వాటి గురించి కొట్టుకుంటున్నారు. ఒకాయనది రాసిన చుక్క, ఒకావిడది చెవి చేసే సర్దుబాటు. కానీ చెవిని పూర్తిగా నమ్మితే ఏమవుతుందో 1560ల్లోనే తేలింది. బెనెదెత్తి అనే గణితవేత్త స్వరకర్త చిప్రియానో దె రోరెకు రాసిన ఉత్తరాల్లో (1585లో అచ్చయ్యాయి) చూపించాడు: ప్రతి కార్డునూ శుద్ధంగా పట్టుకుంటూ పోతే, కొన్ని వరసల్లో తిరిగి మొదటి చోటికి వచ్చేసరికి స జరిగిపోతుంది. బేస్ స-ద-రి-ప-స అని తిరిగేలా, ఉమ్మడి స్వరాలను వదలకుండా పాడి చూడండి. తిరిగిన ప్రతిసారీ కామా అనే చిన్న దూరం, దాదాపు 21.5 సెంట్లు దిగుతారు. అయిదు చుట్లకు అరస్వరం పోతుంది. మా గుంపులో ఇది రోజూ ఉన్న బాధే. తప్పు ఎవరిదీ కాదు, అందరూ శ్రుతిలోనే ఉన్నారు, పాట మొత్తం కిందికి పోయింది.

వీణతీగ:
అందుకే తంబురా కావాలనేది.

గోదారి_బేస్:
అవును, అసలు గొడవ అక్కడే ఉంది. తంబురా లేని చోట స ఎవరిది? ఆర్చిచెంబాలో చేసింది ఆ పనే అని నాకు అనిపిస్తుంది. గొంతు పట్టుకోలేని స్వరాన్ని అందించడం ఒక్కటే కాదు, నలుగురూ ఎక్కడున్నారో గుర్తు చేయడం.

పాతపుటలు:
అదే నేను మొదటి నుంచీ చెబుతున్నది! వాద్యం లేకుండా నిలబడదు.

రెండో_గొంతు:
లేదు, మీరు చెప్పింది "పాడలేదు" అని. వాద్యం పక్కన పెట్టుకుని నేర్చుకుని, తర్వాత పాడితే అది పాడటం కాదా? మన వాళ్లు శ్రుతిపెట్టె లేకుండా సాధన చేస్తారా? అసలు మీ బాధ నాకు ఇప్పుడు అర్థమైంది. పదిమంది వినని సంగీతం సంగీత చరిత్రలోకి రాకూడదు మీకు. ఫెరారాలో ఒక గదిలో కొందరు పాడి ఉంటే అది మీ లెక్కలోకి రాదు.

పాతపుటలు:
రాదు. స్పష్టంగా చెబుతున్నాను, రాదు. ఒక ప్రభువు డబ్బుతో, ఒక గదిలో, ఒక మనిషి పంతంతో నడిచినదాన్ని తెచ్చి "పునరుజ్జీవన కాలంలో సూక్ష్మస్వరాలు పాడేవారు" అని వీడియోలకు టైటిళ్లు పెడుతున్నారు. నా అభ్యంతరం అది. ఫెరారా ఆర్గన్ వాద్యకారుడు లుజ్జాస్కీ ఆ ఆర్చిచెంబాలో మీద వాయించేవాడు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో విచెంతినో ఆర్గన్‌ను మళ్లీ కట్టారు, సంతోషం. కానీ మిగతా ఇటలీ అంతా ఏం పాడింది?

రెండో_గొంతు:
మిగతా ఇటలీ పాడినదాన్నే ఇప్పుడు పియానోకి కట్టేసి పాడిస్తున్నారు. దాని మీద మీకు అంత కోపం రాదేం? "అందరూ పాడింది" అని మీరు కాపాడుతున్నదే మా డైరెక్టర్ నోట్లోంచి వస్తోంది.

పాతపుటలు:
మళ్లీ డైరెక్టర్!

రేపల్లె_రాగం:
నా ప్రశ్నకు జవాబు వచ్చిందో లేదో తెలియట్లేదు 😅 "మూజికా ప్రిస్కా కాపుత్" అని విచెంతినోదే ఒకటుంది కదా. మొదటి భాగం డయటానిక్, రెండోది క్రొమాటిక్, మూడోది చుక్కలతో. దాన్ని ఇయర్‌ఫోన్లు లేకుండా పాడి చూడటానికి ఎవరైనా సిద్ధమా?

గోదారి_బేస్:
బేస్ నాది. మొదటి స ఒక్కటి కీబోర్డు మీద తీసుకుందాం, తర్వాత మూసేద్దాం. చివర మళ్లీ తెరిచి చూద్దాం ఎంత జరిగామో.

రెండో_గొంతు:
ఆల్టో నేను.

పాతపుటలు:
రికార్డింగ్ ఎడిట్ చేయకుండా పెడితే వింటాను. మూడో భాగం మాత్రమే చాలు.

లెక్కల_మాస్టారు:
చివర కొలవడానికి కీబోర్డు దేనికి శ్రుతి చేసి ఉండాలో ముందే తేల్చుకోండి. మామూలు 12 మెట్లదైతే ఆ కొలత చెల్లదు.