సమస్యాపూరణం: “తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని”

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. తెగిన తీగ తనంతట తాను నిలవలేదు. అటువంటిది ముడి వేయడమెలా, ఆ ముడి మళ్ళీ తెగకుండా ఉండడమెలా అన్నది ఇందులోని వైరుధ్యం. వస్తువును కూడా నిర్దేశిస్తున్నాను. భారీ గ్రహాల చుట్టూ అయస్కాంత క్షేత్రరేఖలు తెగి వేరొక విధంగా కలిసే పునస్సంధానం, అందులో పుట్టి తోక దిక్కుగా (గ్రహపు క్షేత్రం సూర్యునికి అవతలి వైపు తోకలా సాగే దిక్కుగా) కొట్టుకుపోయే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) మూటలు మాత్రమే పూరణకు విషయం కావాలి. ప్రేమ, పెళ్ళి, రాజకీయాల మీదికి మళ్ళించిన పద్యాలను ఈసారి స్వీకరించను.

విషయం కొత్తవారి కోసం నాలుగు మాటలు. భూమి దగ్గర ఈ ప్రక్రియను ప్రధానంగా సౌరపవనం (సూర్యుని నుంచి వీచే కణాల ప్రవాహం) నడిపిస్తుందని 1961లో భౌతికశాస్త్రజ్ఞుడు డంజీ వివరించారు. బృహస్పతి దగ్గర ముఖ్యమైన చోదకం ఆ గ్రహపు సొంత భ్రమణమేనని 1983లో మరొక శాస్త్రజ్ఞుడు వాసిల్యూనాస్ చూపారు. సుమారు 9 గంటల 55 నిమిషాలకు ఒకసారి తిరిగే ఆ గ్రహం తన క్షేత్రంతో పాటు ప్లాస్మానూ తిప్పుతుంది; ఆ ప్లాస్మా బయటికి విసరబడుతూ క్షేత్రరేఖలను సాగదీస్తుంది; సాగిన రేఖలు పైన ఒక దిక్కుకు, కింద దానికి ఎదురు దిక్కుకు ఉండగా, నడుమ పలుచని విద్యుత్ప్రవాహపు పొర ఒకటి మిగులుతుంది. తెగడమూ కలవడమూ జరిగేది అక్కడే.

మొదటి పూరణ, విశాఖపట్నం సభ్యులది:

గురుని చందమామ గుప్పించు పొగలెల్ల
ప్లాస్మ యగుచుఁ దిరుగుఁ బళ్ళెరముగ;
తోక సాగి సాగి తునియంగ నొకచోట,
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

అయ్యా, పద్యం నడక హాయిగా ఉంది. ‘పళ్ళెరము’ అన్న మాట నన్ను ఎంతగానో ఆకట్టుకుంది, ఎందుకంటే బృహస్పతి చుట్టూ ప్లాస్మా నిజంగానే విస్తరించిన పళ్ళెంలా పరచుకుని ఉంటుంది. ‘గురుని చందమామ’ అన్నప్పుడు మాత్రం ఎవరా చందమామ అన్న సందేహం మిగిలిపోతుంది. 1979లో వాయేజర్ 1 నౌక పంపిన చిత్రాలలో అగ్నిపర్వతాలు బయటపడిన అయోనే మీరు ఉద్దేశించారని సందర్భాన్ని బట్టి గ్రహించాను. ఇంకొక సూక్ష్మం ఉంది: అయో నుంచి వెలువడేది ముందుగా విద్యుదావేశం లేని వాయువు, ఎలక్ట్రాన్లు తగిలి అది అయాన్లుగా మారిన తరువాతే క్షేత్రం దానిని పట్టుకుని తిప్పుతుంది. అయో తన కక్ష్యలో ఒక చుట్టు రావడానికి సుమారు 42 గంటలన్నర తీసుకుంటుంటే, క్షేత్రంతో పాటు తిరిగే ప్లాస్మా దానిని సెకనుకు సుమారు 57 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో దాటిపోతూ ఉంటుంది. పొగ ‘ప్లాస్మ యగుచుఁ’ దిరుగుతుందని మీరు అనడంలో ఈ క్రమమంతా ఇమిడింది కాబట్టి మార్పు సూచించను.

రెండవ పూరణ, వరంగల్లు సోదరిది:

ఎదురెదురుగ నిలిచి యెడబాటు లేకుండ
పలుచనైన పొరను బలము లుడుగ,
విడిన కొనలు వేఱు వియ్యంకులనుఁ బొంద
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

అమ్మా, వచ్చిన పూరణలన్నిటిలో సమస్య గుండెను తాకింది మీదే. ‘బలము లుడుగ’ అన్న రెండు మాటలలో, ఎదురెదురు క్షేత్రాలు ఒకదానినొకటి రద్దు చేసుకునే స్థితి పూర్తిగా పలికింది. వియ్యంకుల పోలికా తెలుగింటిదే: రెండు వంశాలు తమ తమ గడపలు విడవకుండానే కొత్త బంధంలోకి వస్తాయి. అయితే ‘విడిన కొనలు’ దగ్గర నేను ఆగిపోయాను. అయస్కాంత క్షేత్రరేఖకు కొన ఉండదు. అది ఎక్కడా మొదలు కాదు, ఎక్కడా ముగియదు. తెగిన కొసలు గాలిలో వేలాడుతూ జోడు కోసం వెతుక్కునే క్షణమంటూ ప్రకృతిలో లేదు. తెగడమూ కలవడమూ ఒకే ఘటన. మన వ్యాకరణంలోని సంధి వంటిదే ఇది: ‘రాముడు’ లోని చివరి అచ్చు పోయి, ‘అతడు’ లోని అకారం దాని స్థానంలో నిలిచి ‘రాముడతడు’ అయ్యేటప్పుడు, నడుమ ఎక్కడా అచ్చు లేని ‘డ్’ ఒంటరిగా వినిపించదు. అందుచేత మూడవ పాదాన్ని ఇలా సవరించవచ్చునేమో చూడండి:

విడుచునపుడె వేఱు వియ్యంకులనుఁ బొంద

రెండు గణాల మార్పుతో పద్యం భౌతికశాస్త్రానికి సరిపోతుంది, వియ్యంకులూ నిలుస్తారు.

ఆమె జవాబు: “సవరణ శిరోధార్యం. నేను దారాన్ని కళ్ళ ముందు పెట్టుకుని రాశాను, క్షేత్రరేఖను పెట్టుకోలేదు.”

నిజానికి ఈ పొరపాటుకు సమస్యలో నేను పెట్టిన ‘తీగ’ అన్న మాటే దారి తీసింది. గీతలు మన గీతలే. అక్కడ ఉన్నది క్షేత్రం. మామూలుగా ప్లాస్మా ఆ క్షేత్రానికి అతుక్కుని దానితోనే కదులుతుంది గనుక, ఏ ప్లాస్మా ఏ రేఖ మీద ఉన్నదో చెప్పడానికి వీలుంటుంది. ఆ అతుకు విడిపోయే చిన్న చోటులో మాత్రమే ‘తెగింది’ అన్న మాటకు అర్థం. తోకలో రెండు చోట్ల అలా జరిగితే, నడుమ ఉన్న రేఖలు తమ మీదికి తామే చుట్టుకుని, ప్లాస్మాను లోపల బిగించిన మూట అవుతాయి. అదే ప్లాస్మాయిడ్. మొదలూ చివరా లేని చుట్టు కాబట్టి దానిని ‘తెగని ముడి’ అన్నాను.

మూడవ పూరణ, డాలస్ నుంచి:

ఒక్క నిమిష మంత నూగిన గీతలో
ముప్పదేండ్ల పిదప మూట దొరకె;
ఒరిగి తిరుగు గోళ మొడిలోన దాచిన
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

నాకు ఎక్కువ ఆనందం కలిగించిన పూరణ ఇదే. ఒరిగి తిరిగే గోళం యురేనస్. 1986 జనవరి 24న వాయేజర్ 2 దాని పక్కగా సాగిపోతున్నప్పుడు అయస్కాంత మాపకం నమోదు చేసిన కొలతలలో, సుమారు 60 సెకన్ల పాటు ఒక ఎగుడుదిగుడు ఉంది. ఆ కొలతలను మళ్ళీ సన్నగా పరిశీలించిన శాస్త్రజ్ఞులు అది ప్లాస్మాయిడ్ అని 2019లో ప్రకటించారు. కవి ‘ఊగిన గీత’ అన్నది ఆ ఎగుడుదిగుడునే. ముప్పయి మూడేళ్ళను ‘ముప్పదేండ్లు’ అనడం పద్యంలో చెల్లుతుంది. మొదటి పాదంలో ‘ఒ’కు ‘నూ’తో యతి ఎలా కుదిరిందని ఒక సభ్యులు అడిగారు: ‘అంతన్ + ఊగిన’ అని విడదీస్తే అక్కడున్నది ఊకారం, దానికి ఒకారంతో మైత్రి ఉంది. దోషం లేదు.

నాలుగవది తిరుపతి సభ్యులు పంపినది:

శనికిఁ జెంత నున్న చలిచంద్రుఁ డూదిన
నీటియావి రెల్ల నింగి నలమి,
పగటి దెసను గూడఁ బలుచనౌ పొరలోన
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

చలిచంద్రుడు శని ఉపగ్రహం ఎన్‌సెలడస్. దాని నీటియావిరిని కాసిని నౌక 2005లో చూసింది. శని పగటివైపు పళ్ళెంలో కూడా పునస్సంధానం జరుగుతున్నదని ఆ నౌక కొలతల ఆధారంగానే 2018లో తెలిసింది. ‘పగటి దెసను గూడ’ అన్నది కాబట్టి అలంకారం కోసం వేసిన మాట కాదు. వ్యాకరణం మాత్రం తప్పింది. ‘అలమి’ అన్న క్త్వార్థానికి (‘చేసి’, ‘వచ్చి’ వంటి అసమాపక క్రియకు) కర్త ఆవిరి, ‘గట్టె’కు కర్త తీగ; రెండింటికీ ఒకే కర్త ఉండాలి. ‘నింగి నలమ’ అంటే సరిపోతుంది, గణమూ చెడదు.

ఐదవ పూరణ పదవ తరగతి విద్యార్థిది. ఇంత చిన్నవయసులో ఈ వస్తువును పట్టుకున్నందుకు ముందుగా అభినందనలు.

సెకను కొక్క టన్ను పొగలను గ్రక్కుచు
ఉన్న బరువు నంత నూడ్చి వేయ,
కొన్ని పెద్దవైనఁ గోటిగాఁ జిన్నవి
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

బాబూ, నీ పద్యంలోని ఆలోచన పెద్దవారి పద్యాలలో లేదు. అయో నుంచి సెకనుకు సుమారు ఒక టన్ను పదార్థం వచ్చి చేరుతూ ఉంటే, అంతా ఎక్కడికో పోవాలి కదా. గెలీలియో నౌక చూసిన పెద్ద ప్లాస్మాయిడ్లను మాత్రమే లెక్కవేస్తే ఆ బరువు సరిపోవడం లేదు. చిన్న చిన్న పునస్సంధానాలు తుంపరగా ఎడతెగక సాగి, మిగిలినదాన్ని మోసుకుపోతూ ఉండవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఊహలలో ఒకటి. నీ మూడవ పాదం చెప్పదలచినది అదే.

ఇక దోషాలు. మొదటి పాదాన్ని సెకను, కొక్క, టన్ను, పొగలను, గ్రక్కుచు అని విడదీసి చూడు: గణాలు సరిగానే పడ్డాయి గాని, నాలుగవ గణం మొదట ‘పొ’ వచ్చింది, దానికి ‘సె’తో యతి చెల్లదు. నాలుగవ పాదంలో ఉన్నది ఒక్క తీగ, ఒక్క ముడి. మూడవ పాదంలో ‘చిన్నవి’ అని బహువచనం వేసి విడిచినందున వాక్యం అతకలేదు. ‘కోటి’ కవి సంఖ్యే, కొలిచిన సంఖ్య కాదు, అది ఉండవచ్చు. గ్రక్కడం కన్నా చిమ్మడం మంచిది, ‘సె’కు ‘చి’తో యతి కుదురుతుంది. తక్కినది నీవే సరిదిద్ది పంపు.

మరునాడు ఆ విద్యార్థి పంపిన పాఠం ఇది. నేను ఒక్క అక్షరమూ మార్చలేదు:

సెకను కొక్క టన్ను చిమ్ముచుఁ బొగలను
ఉన్న బరువు నంత నూడ్చి వేయ,
కొన్ని కొన్ని గాదు, కోటిమారులు నిట్లు
తెగిన తీగ గట్టెఁ దెగని ముడిని.

‘చిమ్ముచు’కు, ‘ఊడ్చి వేయ’కు కర్తలు వేరన్న మాట ఇంకా మిగిలి ఉంది. తిరుపతి సభ్యులకు చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది; ‘చిమ్మఁగఁ బొగలను’ అని చదువుకోగలరు.