అప్‌డేట్: ‘టచ్ ఆఫ్ ఈవిల్’ బ్లూ-రేలో మొదటి షాట్‌కి మ్యూజిక్ లేదన్నాను కదా, డిస్క్ బాగానే ఉంది

‘టచ్ ఆఫ్ ఈవిల్’ అనే పాత హాలీవుడ్ సినిమా గురించి మొన్న ఇక్కడ అడిగింది నేనే. కారు డిక్కీలో బాంబు పెట్టే ఆ మొదటి షాట్‌లో టైటిల్స్ లేవు, హెన్రీ మాన్సినీ సంగీతమూ లేదు, డిస్క్ పాడైందా అని. పాడవలేదు. మెనూలో వెర్షన్ చూడమన్నవారి మాటే కరెక్టు, థాంక్స్ అండీ. నేను చూస్తున్నది 1998 కూర్పు. సినిమా ఎలా ఎడిట్ చేయాలో చెబుతూ దర్శకుడు ఆర్సన్ వెల్స్ స్టూడియోకి రాసిన 58 పేజీల మెమో ఆధారంగా ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసింది. టైటిల్స్ చివరికి వెళ్లాయి. సంగీతం బదులు బార్లలోంచి వచ్చే పాటలు, కారు రేడియో వినిపిస్తాయి. కారు దగ్గరికొచ్చేకొద్దీ రేడియో సౌండ్ పెరుగుతుంటే, అందులో బాంబు ఉందని తెలిసిన మనకి టెన్షన్! మెనూలో 1958 థియేటర్ వెర్షన్ పెడితే బాంగో డ్రమ్ముల మోతతో సహా అన్నీ వచ్చాయి. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చడం, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం దండగ. కొత్త కేబుల్ డబ్బులు పోయినట్టే.