ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారులది నిజంగా ధైర్యమేనా?

పాతపుటలు: పారిస్‌లో 1901 నుంచి 1912 దాకా నడిచిన 'లాసియెట్ ఓ బేర్' వారపత్రికను అధికారానికి ఎదురొడ్డిన పత్రికగా తెగ పొగుడుతుంటారు. దాని సంచికల్లో బాగా పేరొచ్చినది 1901 సెప్టెంబరు నాటిది. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్లు బోయర్లను (అక్కడ స్థిరపడిన డచ్ సంతతి వాళ్లను) నిర్బంధించిన శిబిరాలపై జాఁ వేబర్ గీశాడు. పొరుగింటి పాపాన్ని మన వీధిలో చాటితే ధైర్యమెలా అవుతుంది? ఇంగ్లండును తిడితే ఫ్రాన్స్‌లో చప్పట్లే కదా!

గీత-రాత: ముందు ఆ బొమ్మలు చూడండి. ఒకదానిలో కరెంటు పారుతున్న తీగల కంచెకు తగిలి ఖైదీలు విలవిల్లాడుతుంటారు. కింద రాతేమో, వాళ్లకు అక్కడ విశ్రాంతి దొరుకుతోందనీ, అంతకన్నా ఆరోగ్యకరమైన, భద్రమైన కంచె లేదనీ సర్కారీ నివేదిక ధోరణిలో తీరిగ్గా చెబుతుంది. ఎవరినీ తిట్టకుండానే అధికారుల భాషను అలా నిలదీశాడు. ఇక బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీమూర్తి బ్రిటానియా పిరుదుల మీద ఎడ్వర్డ్ రాజు ముఖం గీసిన బొమ్మనైతే తర్వాతి ముద్రణల్లో కప్పేయాల్సి వచ్చింది. అన్నీ చప్పట్లే కాదు.

అయినా మీ ప్రశ్న న్యాయమైనదే. సొంత సైన్యం జోలికి వెళ్తే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. 1908లో ఆ పని ఆరిస్తిద్ దెలన్వా చేశాడు. ఇదే పత్రికకు కూడా బొమ్మలు వేసినవాడు. మొరాకోలో ఫ్రెంచ్ సేనను నడిపిన జనరల్ దామాద్‌కు నెత్తుటి మరకల కసాయి ఏప్రాన్ తొడిగి, 'లెజోమ్ ద్యు జూర్' పత్రికలో గీశాడు. 1881 పత్రికా చట్టం వచ్చాక అచ్చుకు ముందు అనుమతి అక్కర్లేదు, కానీ సైన్యాన్ని అవమానించడం నేరంగానే మిగిలింది. దెలన్వాకూ, వ్యాసం రాసిన విక్టర్ మెరిక్‌కూ ఏడాది జైలు, 3,000 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. అనారోగ్యం వల్ల దెలన్వాను ముందే వదిలారు. 1911లో చనిపోయాడు. ఇది ధైర్యం కాదంటే నేను ఒప్పుకోను.

పాతపుటలు: దెలన్వా విషయంలో మీతో వాదించను. కానీ ఐదు సెంటీమ్‌లకు దినపత్రిక దొరికే రోజుల్లో 'లాసియెట్ ఓ బేర్' ఖరీదైనది. కార్మికుడి కష్టాన్ని గీసిన బొమ్మ కార్మికుడికే అందకపోతే ఎవరి కోసం?

నల్లసిరా: ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఫోరాఁ, కరాన్ దాష్ కూడా గొప్ప చిత్రకారులే. 1898-99లో 'ప్స్త్' పత్రిక పెట్టి, దేశద్రోహమనే అబద్ధపు నేరం మీద శిక్షపడిన యూదు సైనికాధికారి డ్రెఫస్‌కూ, యూదులకూ వ్యతిరేకంగా వారం వారం గీశారు. వాళ్లూ తమను ధిక్కారులమనే అనుకున్నారు. మరి వాళ్లదీ ధైర్యమేనా?

గీత-రాత: కాదు, నల్లసిరా గారూ. ఫోరాఁ గీత చూస్తే నాకు ఈర్ష్య కలుగుతుంది. నాలుగు గీతల్లో మనిషిని నిలబెడతాడు. అందుకే ఆ బొమ్మలు మరింత బాధపెడతాయి. ఆ పత్రిక మొదలైనప్పుడు డ్రెఫస్ డెవిల్స్ ఐలాండ్ అనే జైలు దీవిలో ఒంటరి ఖైదీ. ఆయన నిర్దోషి అని 1906లో న్యాయస్థానమే తేల్చింది. సైన్యాధికారుల పక్కన నిలబడి, సంకెళ్లలో ఉన్నవాడి మీద రాయి వేయడం ధిక్కారం ఎలా అవుతుంది? దెలన్వానూ ఫోరాఁనూ ఒకే గాటన కట్టకండి.

పాతపుటలు గారూ, ధర విషయంలో మీ మాట నిజం. అయితే ఆ పత్రిక పుట నిండా ఒకే బొమ్మ వేసేది, చాలాసార్లు సంచిక మొత్తాన్ని ఒకే చిత్రకారుడికి అప్పగించేది. 1902లో కుప్కా డబ్బు మీద గీసిన సంచిక అలా వచ్చిందే. చవక దినపత్రికలో అంత చోటు ఆయనకు ఎవరిచ్చేవారు?