మాల్టాలో హైపోజియం టికెట్ దొరకలేదు, మిగిలిన ఒక్క రోజులో ఏ గుడి చూడాలి?

అమ్మతో కలిసి మాల్టా వచ్చాను, స్లీమాలో ఉంటున్నాం, శనివారం పొద్దున్నే రిటర్న్ ఫ్లైట్. హాల్ సఫ్లియేని హైపోజియం, అంటే రాతియుగం నాటి భూగర్భ సమాధి స్థలం, దాని కోసమే ఈ ట్రిప్ పెట్టుకున్నాను. 1902లో ఇళ్ల పని చేస్తుంటే బయటపడింది, నేల కింద రాతిని తొలిచి, నేల మీద ఆ కాలంలో కట్టిన రాతి గుళ్ల కప్పు ఎలా ఉండేదో అచ్చం అలాగే చెక్కారట. విడతకు పది మందినే లోపలికి పంపుతారు. నెల ముందు నుంచి ఆన్‌లైన్‌లో చూస్తున్నా, అన్ని స్లాట్లూ ఫుల్. ఇక్కడికొచ్చాక రోజూ పొద్దున లేవగానే చూశాను, ఎవరైనా క్యాన్సిల్ చేస్తారేమోనని, లేదు. ఇద్దరు ట్రావెల్ ఏజెంట్లనూ అడిగాను.

నిన్న వాలెట్టా మ్యూజియంలో, హైపోజియంలో దొరికిన నిద్రపోతున్న స్త్రీ బొమ్మ చూశాం. అరచేతిలో పట్టేంత మట్టి బొమ్మ, తల కింద చేయి పెట్టుకుని పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది, దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ కాలం నాటివే తార్షీన్ గుళ్లు కూడా చూసేశాం.

ఇక శుక్రవారం ఒక్కటే ఉంది. పక్క దీవి గోజోలోని జగాంతీయా గుళ్లు అంటే బస్సు, ఫెర్రీ, మళ్లీ బస్సు. ఇక్కడే మాల్టా దీవిలో హజార్ ఈమ్, మ్నైద్రా గుళ్లు పక్కపక్కనే ఉన్నాయి కానీ మధ్యలో ఏటవాలు దారి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, కారు లేదు. గోజో, ఈ జంట గుళ్లు రెండూ ఒకే రోజు అంటే హడావుడి అయిపోతుంది.

ఈ గుళ్లను, వాటి కప్పును ఎలా కట్టారో కళ్లారా చూసి అర్థం చేసుకోవాలంటే ఈ రెండు చోట్లలో దేనికి వెళ్లమంటారు?