ఆక్స్‌ఫర్డ్ విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం: రెండు గంటల్లో ఏవి చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. వచ్చే నెల ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాను. అక్కడికి దగ్గరే కాబట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పాత శాస్త్ర పరికరాలు ఉన్న మ్యూజియాన్ని పన్నెండేళ్ల మనవరాలితో కలిసి చూడాలని ఉంది. మాకు రెండు గంటలకు మించి వ్యవధి ఉండదు. అద్దాల బీరువాల్లో వరసగా పేర్చిన ఇత్తడి సామాను చూసి పిల్ల విసుగు చెందకుండా ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
మాష్టారూ, ప్రవేశం ఉచితం. అయితే సోమవారం సెలవు, మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నానికి గానీ తెరవరు కాబట్టి, బయలుదేరే ముందు వేళలు ఒకసారి సరిచూసుకోండి. బ్రాడ్ స్ట్రీట్‌లోని ఆ కట్టడమే మొదటి ప్రదర్శన వస్తువు. ప్రజలు చూడడానికి మ్యూజియంగానే కట్టి 1683లో తెరిచిన భవనం అది; నేలమాళిగలో అప్పట్లో రసాయనశాల ఉండేది. ఇప్పుడు అదే నేలమాళిగలో ఐన్‌స్టీన్ 1931 మే 16న ఉపన్యసిస్తూ రాసిన నల్లబల్ల ఉంది. విశ్వం సాంద్రత, వ్యాసార్ధం, వయసు లెక్కగట్టిన పంక్తులు ఆయన చేతిరాతలో నేటికీ కనిపిస్తాయి. పిల్లలను ముందుగా అక్కడికే తీసుకువెళ్లాలి.

రెండో జవాబు:
పై మిత్రుడితో నేను ఏకీభవించలేను. నల్లబల్ల దగ్గర అందరూ ఫొటో తీసుకుని కదిలిపోతారు, దానిలో పిల్ల చేత్తో చేసి చూడగలిగినది ఏమీ లేదు. ఆ మ్యూజియం ప్రాణమంతా ఆస్ట్రోలేబుల్లో, అంటే నక్షత్రాల ఎత్తు (దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు పైన ఉన్నాయో) కొలిచి వేళ తెలుసుకునే పాతకాలపు పరికరాల్లో ఉంది. ప్రపంచంలో అంత పెద్ద సేకరణ మరెక్కడా లేదు. అన్నిటినీ చూడబోకండి, ఒక్కదాని ముందు అరగంట నిలబడండి. అడుగున పళ్లెం లాంటి ఇత్తడి చట్రం, అందులో ఒక అక్షాంశానికి తగినట్లు గీతలు చెక్కిన పలక, దానిమీద తిరిగే జాలీ ఉంటాయి. జాలీకి ఆకుల్లా, ముళ్లలా పొడుచుకు వచ్చిన ప్రతి మొన ఒక నక్షత్రాన్ని సూచిస్తుంది. వెనుకవైపు కడ్డీతో నక్షత్రం ఎత్తు కొలిచి, ముందువైపు జాలీని ఆ ఎత్తుకు తిప్పితే రాత్రి ఎంత గడిచిందో తెలుస్తుంది. ఊరు మారితే పలక మార్చాలి: లాహోరుకు చెక్కిన పలక వరంగల్‌లో పనికిరాదు. మన దేశంలో దీనిని యంత్రరాజం అన్నారు. 1370లో మహేంద్ర సూరి దీనిమీద సంస్కృతంలో గ్రంథమే రాశాడు.

ఆ తర్వాత రెండు అపురూపాలను వెతకండి. ఒకటి 1480 ప్రాంతపు గోళాకార ఆస్ట్రోలేబు. పూర్తి రూపంలో మిగిలినది అదొక్కటే. రెండోది 1221–22లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో చేసినది. దాని లోపలి పళ్ల చక్రాలు తిరిగినప్పుడు వెనుక ఉన్న గుండ్రటి కిటికీలో చంద్రకళ మారుతుంది. గడియారం ముళ్లు తప్ప మరేమీ ఎరుగని పిల్లలకు ఇది బాగా పడుతుంది.

మూడో జవాబు:
నాదొక చిన్న చేర్పు. వెళ్లేముందు ఇంట్లోనే ఒక కోణమానిని, దారం, చిన్న బరువు తీసుకుని ధ్రువనక్షత్రం ఎత్తు కొలిపించండి. ఆ ఎత్తు దాదాపు ఆ ఊరి అక్షాంశానికి సమానం. వరంగల్‌లో అది 18 డిగ్రీలు, రెడింగ్‌లో 51 దాటుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో పలక ఎందుకో అప్పుడు మనవరాలికి మీరు చెప్పకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐన్‌స్టీన్ బల్లను చివరి పది నిమిషాలకు ఉంచుకుంటాం. నిన్న రాత్రి మా డాబా మీద కొలిస్తే 19 డిగ్రీలు వచ్చింది. ఆ ఒక డిగ్రీ తేడా నా చేతి వణుకుదే. మనవరాలి కొలత ఇంకా రాలేదు, అక్కడ మూడు రోజులుగా మబ్బు పట్టి ఉందట.