యాభై దాటాక మేకప్ మానేయాలా, తగ్గించాలా, మార్చాలా?

బరంపురం_పిన్ని:
మొన్న మా ఆడపడుచు కొడుకు పెళ్లి పాతపట్నంలో జరిగింది. నాకు 52 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా నాది ఒకటే పద్ధతి. మొహం కడుక్కుని క్రీమ్ రాసి, పైన కాంపాక్ట్ పౌడర్ అద్ది, కింది రెప్పకు దట్టంగా కాటుక దిద్ది, మెరూన్ లిప్‌స్టిక్ వేస్తాను. మొత్తం ఐదు నిమిషాల పని. పెళ్లికీ అదే చేశాను. రాత్రి మండపం లైట్లలో ఏ తేడా తెలియలేదు. మర్నాడు వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. కళ్ల కింద పౌడర్ ఎండిన చెరువు అడుగులా నెర్రెలు తీసింది. కాటుక బుగ్గ మీదికి దిగింది. లిప్‌స్టిక్ పెదవి దాటి చుట్టూ ఉన్న సన్న గీతల్లోకి పాకింది.

మా ఆడపడుచు ఆ ఫోటో చూసి, "వదినా, యాభై దాటాయి కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు? బొట్టు పెట్టుకుంటే చాలదా?" అంది. నాకంటే రెండేళ్లే చిన్నది. తను మాత్రం జుట్టుకు నల్లరంగు వేసుకునే వచ్చింది, అది వేరే సంగతి.

అందుకే అడుగుతున్నాను. వయసు వచ్చాక మానేయాలా, తగ్గించాలా, వేసుకునే తీరు మార్చాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు, పర్లాకిమిడి:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నానమ్మా. మా అమ్మ ఎనభై మూడేళ్లు బతికింది. పసుపు రాసుకుని స్నానం చేసేది, కాసంత కుంకుమ బొట్టు పెట్టుకునేది. అంతే. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఈమధ్య పెళ్లిళ్లలో తల్లీ కూతుళ్లు ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తున్నారు. మెడలో దండ చూస్తే గానీ పెళ్లికూతురెవరో తెలియడం లేదు. నా ఓటు తగ్గించడానికే.

గోపాల్‌పూర్_గాలి:
మాస్టారూ, మీ అమ్మగారి బొట్టు జోలికి నేను రాను. ఒక్క మాట అడుగుతాను. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వస్తుంది కదా. మొక్కు ఉందని వయసొచ్చిన మగవాళ్లు కూడా ఒళ్లంతా రంగు పూసుకుని పులి వేషం కడతారు. చీర కట్టి, కళ్లకు కాటుక దిద్ది అమ్మవారి వేషం వేసేవాళ్లూ ఉంటారు. వీధంతా డప్పులతో వాళ్ల వెనకే నడుస్తుంది. "ఈ వయసులో రంగులేంటి తాతా?" అని ఒక్కరూ అనరు. మేం పెదవికి ఇంత రంగు రాస్తే మాత్రం పుట్టిన సంవత్సరం లెక్కలు తీస్తారు.

నాకు 61. ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లూ ఆఫీసులో ఎవరేమంటారో అని లేత గులాబీ రంగు దాటలేదు. రిటైరైన నెలలోనే చిక్కటి ఎరుపు కొన్నాను. పొద్దున బీచ్‌కి వాకింగ్‌కి వెళ్లినా వేసుకునే వెళ్తాను. తగ్గించడం కాదు, నేను పెంచాను.

రిటైర్డ్_మాస్టారు, పర్లాకిమిడి:
జాతరలో వేషం మొక్కు. అది భక్తి. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

గోపాల్‌పూర్_గాలి:
మొక్కే, కాదనను. వేషం కట్టాక చేతి అద్దంలో చూసుకుంటూ కనుబొమ్మ మళ్లీ దిద్దుకునే మనిషి మొహం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? అందులో ఉన్నదంతా భక్తేనంటారా?

రాయగడ_పార్లర్:
పదకొండేళ్లుగా పెళ్లి మేకప్‌లు చేస్తున్నాను. మీ ఇద్దరి గొడవ తర్వాత చూద్దాం. పిన్నీ, మీకు తగ్గించమనీ చెప్పను, పెంచమనీ చెప్పను. మిమ్మల్ని ముంచింది పౌడర్.

నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతుంది. దాంతో చర్మంలో నూనె, తేమ, బిగువు తగ్గుతాయి. ఆగిన మొదటి ఐదేళ్లలోనే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ మూడో వంతు దాకా పోతుందని మా ట్రైనింగ్‌లో చెప్పారు. ముప్పై ఏళ్లప్పుడు జిడ్డు ఆపడానికి పనికొచ్చిన పౌడరే ఇప్పుడు ఉన్న కాస్త తడినీ పీల్చేసి ముడతల్లో కూర్చుంటుంది. మన వైపు ఉక్కకు చెమట పడుతుంది కాబట్టి చర్మం జిడ్డుగానే ఉందనుకుని ఇంకాస్త అద్దుతాం. చెమట వేరు, నూనె వేరు.

నా దగ్గరికి వచ్చే తల్లులకు ఇలా చేస్తాను. ముందు మాయిశ్చరైజర్ రాసి, ఒక టీ తాగేంత సేపు వదిలేస్తాను. ఫౌండేషన్ శనగగింజంత చాలు. ముక్కు పక్కల, గడ్డం దగ్గర, మచ్చలున్న చోట మాత్రమే పెట్టి, తడిపి పిండిన స్పాంజ్‌తో అద్దుతాను. రుద్దను. కళ్ల కింద వేలికి మిగిలినదే తప్ప కొత్తగా ఏమీ వేయను. అక్కడ ఎంత ఎక్కువ కప్పితే గీతలు అంత బయటపడతాయి. పౌడర్ ముక్కు మీద, నుదుటి నడుమ, అంతే. బుగ్గలకు పౌడర్ బ్లష్ మానేసి క్రీమ్‌ది వాడతాను.

షేడ్ చూసేది మణికట్టు మీద కాదు, దవడ దగ్గర. అదీ షాపు ట్యూబ్‌లైట్ కింద కాదు, గుమ్మం బయటికొచ్చి ఎండ వెలుతురులో. మన చామనచాయకు రెండు షేడ్లు తెల్లగా తీసుకుంటే బూడిద పూసినట్టు ఉంటుంది. వయసొచ్చిన మొహం మీద అది ఇంకా పాలిపోయినట్టు కనిపిస్తుంది.

పెదవికి ముందు అదే రంగు పెన్సిల్‌తో అంచు గీయండి, రంగు పాకదు. మ్యాట్ లిప్‌స్టిక్ పెదవిని ఎండబెడుతుంది, క్రీమ్ రకం తీసుకోండి. కనుబొమ్మలు పలచబడితే నల్ల పెన్సిల్‌తో ఒకే గీత లాగేయకండి. బూడిద కలిసిన గోధుమరంగుతో వెంట్రుక వెంట్రుకగా గీయండి. ఇక కాటుక. రెప్ప చర్మం వదులయ్యాక కింద నలుపు పెడితే కన్ను మరీ కిందికి జారినట్టుంటుంది. కింద మానేసి పై రెప్ప వెంట్రుకల మొదళ్లలో సన్నగా గీయండి. రెప్ప మీద మెరుపు పొడి మాత్రం వద్దు, మడతలన్నీ లెక్కపెట్టి చూపిస్తుంది.

మాస్టారు చెప్పిన ఒకే అచ్చు సంగతి నిజమే. తల్లులు వచ్చి "అమ్మాయికి వేసిందే నాకూ వేసెయ్" అంటారు. సీజన్‌లో పొద్దున్న నాలుగింటికి ఆరుగురు లైన్లో ఉంటే మేమూ అదే వేసి పంపేస్తాం. తప్పు మాలోనూ ఉంది.

గుణుపురం_కోడలు:
అక్కా, పై రెప్ప మీద సన్నగా గీయమన్నారు సరే, గీయడం ఎలా? మా అత్తగారికి 55, చత్వారం. కళ్లజోడు పెట్టుకుంటే పెన్సిల్ లోపలికి దూరదు, తీస్తే రెప్పే కనపడదు. నోరు సగం తెరిచి, ఊపిరి బిగబట్టి, అంచనాతో గీస్తారు. కుడి కన్ను బాగా వస్తుంది. ఎడమది ప్రతిసారీ చెవి వైపు ప్రయాణం పెట్టుకుంటుంది. నేను గీస్తానంటే ఒప్పుకోరు.

ఇంకో మాట. మా పక్కింటి ఒడియా మౌసికి డెబ్బై దాటాయి. పండగొస్తే కాళ్లకు అలతా, అంటే ఎర్రటి పారాణి, పూసుకుంటుంది, పాపిట్లో సిందూరం నింపుతుంది. అందరూ మురిసిపోతారు. మా అత్తగారు లిప్‌స్టిక్ వేస్తే అదే వీధిలో గుసగుసలు. పాదానికైతే సంప్రదాయం, పెదవికైతే సోకా?

రాయగడ_పార్లర్:
చత్వారానికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్దదిగా చూపించే అద్దం. ఐదు రెట్లది చాలు. పది రెట్లదైతే చర్మంలో రంధ్రాలు బావుల్లా కనిపించి, ఉన్న ధైర్యం కూడా పోతుంది. రెండోది మేకప్ కళ్లజోడు. ఒక్కో అద్దం విడిగా కిందికి మడత పడుతుంది, ఒక కంటితో చూస్తూ రెండోదానికి గీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మోచేయి బల్లకు ఆనించి గీయమనండి, చెయ్యి వణకదు.

మందులషాపు, జయపురం:
వేసుకోండి, మానేయండి, నాకు ఏ పార్టీ లేదు. కింద ఏముందో చూసుకోమంటాను. నా కౌంటర్ దగ్గరికి నలభై, యాభై దాటిన ఆడవాళ్లు మంగు మచ్చలకని వచ్చి, పక్కింటావిడ చెప్పిన ట్యూబ్ పేరు అడుగుతారు. అందులో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి పది రోజులు మొహం తెల్లగా, నున్నగా అవుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్ర నరాలు తేలి, ఎండ తగిలితే మంట. మానేస్తే మొటిమలు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వనంటే పక్క షాపుకెళ్తామని బెదిరిస్తారు. అసలే వయసుతో పలచబడే చర్మానికి ఇంకా పలచన చేసే మందు ఎందుకు?

మంగుకి అసలు శత్రువు ఎండ. కిటికీ అద్దం లోంచి కూడా యూవీ ఏ కిరణాలు వస్తాయి, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా పడతాయి. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. మీరు సోకు అంటున్న ఆ లేత రంగు క్రీమే ఇక్కడ మందు పని చేస్తుంది మాస్టారూ.

బొట్టు చాలదా అన్న ఆడపడుచు గారికి కూడా ఒక మాట. కుంకుమలో కల్తీ రంగులుంటే నుదురు దురదపెట్టి నల్లబడుతుంది. కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. బొట్టు పెట్టిన చోటే, బొట్టంతే తెల్లమచ్చ వస్తుంది.

రిటైర్డ్_మాస్టారు, పర్లాకిమిడి:
ఇది చదివి మా ఆవిడను పిలిచి నుదురు చూశాను. పావలా అంత తెల్లమచ్చ. ఎన్నాళ్లుగా ఉందంటే "ఐదారేళ్లయింది, మీరు చూడలేదు" అంది. మచ్చ పెరిగినకొద్దీ ఇంకాస్త పెద్ద స్టిక్కర్ కొంటూ వచ్చిందట. రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాం.

మందులషాపు, జయపురం:
స్టిక్కర్ ఈరోజే ఆపించండి. దానికి ట్యూబ్ నన్ను అడగవద్దు, చర్మ డాక్టరుకి చూపించండి. స్టిక్కర్ మానేశాక కొందరికి రంగు తిరిగొస్తుంది, కొందరికి మందు కావాలి. అన్నీ బొల్లి కాదు, కంగారు పడకండి.

బరంపురం_పిన్ని:
వారం తర్వాత రాస్తున్నాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కిటికీ దగ్గర కూర్చుని ఎడమ సగం పాత పద్ధతిలో, కుడి సగం పార్లర్ అమ్మాయి చెప్పినట్టు చేశాను. మావారికి చూపిస్తే రెండూ ఒకటే అన్నారు, ఆయన్ని లెక్కలోంచి తీసేయండి. మా అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, "అమ్మా, ఎడమవైపు నిద్ర లేనట్టున్నావు" అంది. పౌడర్ సంగతి ఒప్పుకుంటున్నాను. పెన్సిల్ అంచు కూడా పనిచేసింది. టిఫిన్‌లో వడ తిన్నాక కూడా రంగు పాకలేదు.

కాటుక దగ్గరే నాకు పేచీ. కింది రెప్పకు లేకుండా చూసుకుంటే అద్దంలో ఎవరో జ్వరం వచ్చిన మనిషి ఉంది. పన్నెండేళ్లప్పుడు మా అమ్మమ్మ ఆముదం దీపం మీద పట్టిన కాటుకతో మొదలైన అలవాటు. కన్ను జారినట్టు కనిపించినా సరే, అది నా మొహం. మిగతావన్నీ మారుస్తాను, కాటుక మార్చను.

గోపాల్‌పూర్_గాలి:
మార్చకు చెల్లీ.

రాయగడ_పార్లర్:
అయితే బయటి మూలన మూడో వంతు మాత్రమే పెట్టి, ఇయర్‌బడ్‌తో పలచగా అద్దండి. ఇంకా కావాలంటే మొత్తం పెట్టుకోండి, మీ కళ్లు. చెరగని పెన్సిల్ తీసుకుని మూడు నాలుగు నెలలకోసారి మార్చండి, పాతబడితే కళ్లు ఎర్రబడతాయి.

రిటైర్డ్_మాస్టారు, పర్లాకిమిడి:
నా ఓటు మారలేదు, తగ్గించడానికే. కానీ శుక్రవారం మా తమ్ముడి గృహప్రవేశం. స్టిక్కర్ తీసేశాక ఆ మచ్చతో పది మందిలోకి రానంటోంది మా ఆవిడ. పార్లర్ అమ్మా, నుదుటి మీద అంత చోటు కనపడకుండా కప్పడానికి ఏం కొనాలి? డాక్టరు దగ్గర శనివారానికి టైమ్ తీసుకున్నాను.

రాయగడ_పార్లర్:
ఆంటీ రంగుకి సరిపోయే కన్సీలర్, చిన్నది చాలు సార్. మచ్చ మీద అగ్గిపుల్ల తలంత పెట్టి ఉంగరం వేలితో అద్దమనండి, అంచుల్లో కలిసిపోయేదాకా. పైన స్టిక్కర్ వద్దు. దురద గానీ మంట గానీ ఉంటే అసలు వేయవద్దు. శుక్రవారం రాత్రే కడిగేయాలి. శనివారం డాక్టరు దగ్గరికి మాత్రం ఏమీ వేసుకోకుండా వెళ్లమనండి.